పట్టూ విడుపూ

ఆరేసిన చీర గాలికి లేచి
పక్క మేడ మీది నీళ్ల టాంకుకి చుట్టుకుంది.
"మళ్లీ క్లిప్పులన్నీ నువ్వే ఎత్తుకుపోయావా" అని
మెట్ల మీంచే కేకేసింది మా చెల్లెలు శకుంతల.
నేను పలకలేదు.
నోట్లో ఒక స్ప్రింగుంది.

బట్టల క్లిప్పుని ముందు విప్పాలి.
రెండు చెక్కల్నీ తిరగేసి
వీపుకి వీపు ఆనించి మళ్లీ స్ప్రింగు తొడిగితే
మూతి సన్నబడుతుంది, పట్టు పెరుగుతుంది.
తీగ మీద చీర నిలబెట్టడానికి ఇక పనికిరాదు.
ఆ సంగతి శకుంతలకి చెప్పలేదు.

ప్లంబరు ఏళుమలై వదిలేసిపోయిన పైపు తునకని
వేలెడు వెడల్పున ఉంగరాలుగా కోసి
ఒకచోట చీలిస్తే అదొక రకం.
దాని నోరు తెరవాలంటే రెండు బొటనవేళ్లూ కావాలి.
నా కుడి బొటనవేలు ఈమధ్య మాట వినడం లేదు.

పుదుప్పేటలో పాత స్కూటర్లు విప్పే కొట్టువాడు
స్ప్రింగులు తూకానికిస్తాడు.
"ఎదుక్కు మా?"
ట్రాముకి, అన్నాను.
వాడు ట్రాము చూడలేదు. నేనూ చూడలేదు.
మా మేనత్త ఒకసారి ఎక్కిందట,
కిటికీ చువ్వకి జడ చిక్కుకుందట.
నాకు తెలిసిన ట్రాము అంతే.

ఏ క్లాంపు దేనికన్నది చెవి చెబుతుంది.
చెవితమ్మెకి తగిలించి ఇరవై లెక్కపెడతాను.
కళ్లలో నీళ్లొస్తే టేకుకి.
ఉందన్న సంగతే మరిచి వంటింట్లోకెళ్లి
పాలు పొంగించుకున్నానంటే
బాల్సాకి.

రాయపురం ఉప్పుగాలి. నెల తిరక్కుండా
స్ప్రింగు తుప్పు కక్కుతుంది, చెక్క మీద మచ్చ.
అందుకని మధ్యలో పాల కవరు ముక్క.
జిగురుకైనా అది ఉండాల్సిందే:
ఏది ట్రామో, ఏది క్లాంపో
జిగురుకేం తెలుసు.

పైకప్పు మూడు పొరలూ అప్పడాల కర్ర మీద వంగి ఎండాయి.
ముసురు పట్టిన రాత్రి, దాన్ని పెట్టె మీద కూర్చోబెట్టాను.
ఇరవై మూడు క్లాంపులు.
ఎన్ని చేసుకున్నా ఒకటి తక్కువే;
వెనక మూల వెంట్రుకంత లేచింది.
వేలు పెట్టి నొక్కాను.
కరెంటు పోయింది.

నలభై నిమిషాలు.
చీకట్లో వేలి కింద జిగురు చల్లగా, తర్వాత ఏమీ లేనట్టుగా.
"వదలకండి సిస్టర్" అనేవారు డాక్టర్ వళ్లియప్పన్,
థియేటర్లో, ఒక కుర్రాడి తొడ దగ్గర,
ఫోర్సెప్స్ జారి
నాళం కొస నా రెండు వేళ్ల మధ్య మిగిలినప్పుడు.
వదల్లేదు.
మర్నాడు వార్డుకెళ్లి అడగనూ లేదు.

పొద్దున్నే ఒక్కొక్కటే విప్పి
పళ్లెంలో వేస్తూ పైకి లెక్కపెట్టాను,
ముప్ఫయ్యొక్క ఏళ్ల అలవాటు.
ఇరవై రెండు.
మళ్లీ ఇరవై రెండు.
బల్ల కింద చూశాను, చాప దులిపాను,
నా కొంగు దులిపాను.
ఒక్క రోగిని కూడా లెక్క తేలకుండా కుట్టనిచ్చిన దాన్ని కాదు.

టార్చి వేసి కిటికీలోంచి చూస్తే
లోపల, రెండో సీటు మీద,
తలపిన్నుకి రబ్బరు ముక్కలంటించి చేసిన బుల్లి క్లాంపు,
కప్పు వేయకముందు పెట్టింది,
సీటుని ఇంకా పట్టుకునే ఉంది.

శకుంతల వంగి చూసింది.
"టిక్కెట్టు తీసుకుందా?"

కప్పు కోస్తే వస్తుంది.
సన్న రంపం తీసి బల్ల మీద పెట్టాను.
పెట్టి నాలుగు రోజులైంది.
ఇవాళ కిటికీల్లోంచి కుంచె దూర్చి
సీట్లకి పచ్చరంగు వేస్తున్నాను,
మొదటిది, మూడోది, నాలుగోది.