పడ్డదా

మా చౌరస్తాల మ్యాచింగ్ సెంటర్లు పదిహేడు.
చీర కొంగు చేతిల పట్టుకొని ఆడోళ్ళు
తలుపుకాడి వెలుతురుకు నడిచొచ్చి
గుడ్డ మీద గుడ్డ పెట్టి చూస్తరు.
పోరగాండ్లకు సంబంధం సెట్ అయితది,
కాజీపేట వంతెన కింద మెకానిక్కుకు నట్టు ఫిట్ అయితది,
మా పెద్దక్క ముప్పై ఏండ్ల సంది అడ్జస్ట్ అయితనే ఉన్నది.
ఇన్ని మాటలు తెచ్చుకున్నం ఇంగ్లీషు నుంచి
కుదిరిందని చెప్పుకునేటందుకు.

నా వంతుకొచ్చిన మాట వేరే.
ఎమ్జీఎం బ్లడ్ బ్యాంకుల రాత్రి డ్యూటీ,
ముప్పైసార్లు నీలి సిరాతోటి రాస్త:
కంపాటిబుల్.
కిటికీ అవతల నిలబడ్డోళ్ళు అది చదవరు,
నా మొఖం చదువుతరు.

మిరుగు వాన దంచిన రాత్రి
కొత్తవాడ నుంచి ఒక ముసలామె, ఆడెపు వజ్రమ్మ.
చీరంచుకు రంగు నూలుపోగులు,
జంపఖానా మగ్గం మీదికెంచి అట్లనే లేచొచ్చినట్టుంది.
కోడలు కాన్పు గదిల.
గ్రూపు ఓ నెగటివ్. ఫ్రిజ్‌ల ఒక్క సంచి లేదు.

ఫోన్ల మీద ఫోన్లు. ఎవలో చెప్పిన్రు,
అదే గ్రూపోడు అదే వాడల ఉన్నడని.
ఆమె పెదవి కొరుక్కున్నది.
"వాడు నా మరిది కొడుకే బిడ్డా.
మగ్గాల షెడ్డుల అడ్డంగ గోడ లేసిన సంది
వాళ్ళకూ మాకూ పడదు.
పదకొండేండ్లు.
చావుకు పోలే, సద్దుల బతుకమ్మకు పిలువలే.
వాని నెత్తురు మా పిల్లకు పడ్తదా?"

ఏం చెప్పాలె.
చూస్తనమ్మా అన్న.

మార్కండేయులు వచ్చిండు, అంగీ తడిసి ఒంటికంటుకున్నది.
ఆమె దిక్కు చూడలే.
ఆమె గోడ మీది క్యాలెండర్ చూసింది, అది పోయిన ఏడుది.
సంచి నిండేదాక ఊగే తక్కెడను చూసుకుంట పండుకున్నడు.

ఇగ నా పని.
కోడలి నెత్తురు తేట రెండు చుక్కలు,
వాని ఎర్రకణాలు ఒక చుక్క,
గొట్టంల పోసి, వెచ్చగ పెట్టి, గిర్రున తిప్పి
లైటు ముంగట పట్టి చూడాలె.
ఈ పనిల ఒక తిరకాసు ఉన్నది:
కణాలు ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకొని
ముద్ద కట్టినయా, కలవనట్టు.
ఆ సంచి ఎక్కిస్తే పానం పోతది.
దేనికది విడివిడిగ
పల్చటి ఎర్రపొగలెక్క తేలినయా,
అప్పుడు రాయాలె ఆ మాట.
చేరిన మొదటి నెల నాకిది తలకెక్కలే.
అంటుకుంటేనే కలిసినట్టని కదా మనల పెంచిన్రు.

గొట్టం మెల్లగ వంచిన.
అడుగు నుంచి ఎరుపు లేచింది,
ముద్ద లేదు, గింజ లేదు.

కిటికీ తీసేసరికి ముసలామె లేచి నిలబడ్డది.
"పడ్డదా?"

ఎంత చిత్రం ఈ మాట.
బోరుల నీళ్ళు పడ్తయి,
పిల్లలు మెట్ల మీద పడ్తరు,
మా నాయినకు వంకాయ పడదు,
ఊరు మారితే నీళ్ళు పడయి,
అక్కడ కాన్పు గదిల
బండల మీద పడుతున్నదీ నెత్తురే.
నేను రాసే ఇంగ్లీషుల ఈ పడుడు లేదు.
దెబ్బ తాకని మాట అది.

"పడ్డదమ్మా."

ఆమె కూసున్నది. చాలాసేపు ఏం అనలే.
మార్కండేయులు బల్ల చివర
గ్లూకోజు బిస్కెట్లు నములుకుంట
సంచి ఎప్పుడు ఎక్కిస్తరని నన్నడిగిండు.
ఆమె కూడ నాతోటే అన్నది:
"ఆ అంగీ ఇప్పి పిండుకొమ్మను, జరమొస్తది."
ఇద్దరి నడుమ మూడు కుర్చీలు ఖాళీ.
నేను చెప్పేలోపే వాడు అంగీ పిండిండు,
మళ్ళ తొడుక్కొని, ఆటోలాగే గేటు దిక్కు నడిచిండు.
ఆమె పెద్ద గేటు దిక్కు.

తెల్లారేదాక కాన్పు వార్డోళ్ళు
రెండో సంచి అడగలే.

డ్యూటీ దిగే ముందు రిజిస్టర్ తీసిన,
నీలి సిరా మాట పక్కన, రిమార్కుల గడిల,
పెన్సిలుతోటి సన్నగ రాసిన:
పడ్డది.

ఆడిటోళ్ళు వచ్చేలోపు చెరిపెయ్యాలె.