ఎనభై ఏడు

పిల్లల మొహాలు నాకు ఆలస్యంగా తెలుస్తాయి.
ముందు వాళ్ల మేజోళ్లు తెలుస్తాయి.

స్కాట్లండు కొండ కింద, ఆవిరి పట్టిన లాండ్రీ గదిలో
పంతొమ్మిదేళ్లుగా ఇదే నా చదువు.
పన్నెండో నంబరు ఎడంకాలితో తంతాడు.
నలభై ఒకటి గోళ్లు తీసుకోడు.
అరవై మూడు దిండు గలీబు
మొదటి నెలంతా ఉప్పగా వచ్చేది,
ఇప్పుడు వాడే డార్మిటరీకి పెద్ద.

సెప్టెంబరులో పెట్టెలతో దిగుతారు.
కార్లు గులకరాళ్ల మీద వెనక్కి తిరిగిన చప్పుడు
నా కిటికీ దాకా వస్తుంది.
ఆ రాత్రి దీపం కింద కూర్చుని అంకెలు కుడతాను.
పేర్లు కుట్టమంటారు కొందరు తల్లులు.
పేరు పొడుగు, దారం దండగ అంటాను.
అసలు సంగతి,
పేరు పెట్టి పిలిస్తే అలవాటు పడిపోతాను.

ఎనభై ఏడు. గ్రెగర్ తుల్లో.
చూశారా, చెప్పేశాను.
ఆర్క్‌నీ దీవుల నుంచి పడవలో వచ్చాడు,
ఫీజు బడే కట్టుకుంటుంది.
తండ్రి పీతల బుట్టలు అల్లుతాడట.
ఉత్తరాల్లో అబ్బాయి రగ్బీ సంగతులే అడుగుతాడట.

శనివారం సాయంత్రం చొక్కాలు వస్తాయి,
ఎనిమిది గంపలు,
ఒక్కో గంపా వానలో తడిసిన గొర్రెంత బరువు.
ఆడినవాడి మీద మట్టి దాని ఇష్టమొచ్చినట్టు పడుతుంది.
భుజాన, మోచేతిన, పచ్చిక పసరుతో కలిసి
నేతలోకి దిగి కూర్చుంటుంది,
మూడు నీళ్లకు గానీ కదలదు.
ఎనభై ఏడు మీద మాత్రం
రొమ్ము మధ్యన అయిదు వేళ్లు.
వాడి వేళ్లే.
కాలవ గట్టున వంగి, అరచేత్తో బురద తీసి
గోడ అలికినట్టు అలుక్కున్నాడు.
లాగు వెనక బెంచీ పలకల గీతలు రెండు.

అయిదు వారాలు ఆ అయిదు వేళ్లూ ఉతికాను.
నోరు మెదపలేదు.
ఆరో వారం, గంప మోసుకొచ్చినప్పుడు,
ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లుతూ, ఎటో చూస్తూ అన్నాను:
"పడ్డవాడికి వీపున కూడా అంటుతుంది, బాబూ."
చెవులు ఎర్రగా కాలిపోయాయి.
పై శనివారం వీపు మీదా మట్టి వచ్చింది,
చెయ్యి అందినంత మేర.

నవంబరు ఆఖర్లో జ్వరాలు.
నర్సు గదిలో మంచాలు చాలక
సంగీతం గదిలో పక్కలు వేశారు.
ఆ శనివారం పదిహేను మందిని లెక్కపెడితే
పద్నాలుగే తేలారు.
మిగతా కథ వంటింటి నెట్టా చెప్పింది,
బంగాళాదుంపలు చెక్కు తీస్తూ.
నది అవతలి బడి వాళ్లు
మనవాళ్లని ఉతికి ఆరేశారంది,
నలభై రెండుకి మూడు.
ఆ మాట నా దగ్గర అనకు నెట్టా, అన్నాను,
ఉతకడమంటే ఏమిటో నీకేం తెలుసు.

గంపలు తేలిగ్గా వచ్చాయి ఆ రోజు.
రాత్రంతా మంచు బిగిసి
మైదానం దాగలిలా ఉందట.
మట్టి కరవడానికి మట్టే లేదు.

వాడి చొక్కా గంపలో లేదు.
దీపాలార్పే గంటకి చేత్తో పట్టుకుని వచ్చాడు,
పై పెదవి వాచి, సాక్సులతో,
గుమ్మం దాటకుండా నిలబడ్డాడు.
"నిజంగానే ఆడాను, మిసెస్ కిన్నెయిర్డ్.
మచ్చ మాత్రం పడలేదు."

దీపం దగ్గరికి తీసుకెళ్లి చూశాను.
కాలరు నుంచి భుజం దాకా కుట్టు విడిపోయింది.
లోపలి నుంచి లాగితే విడిపోయే కుట్టు కాదది,
ఎవడో పిడికిలి బిగించి వేలాడాలి.
ముంజేతి అంచున చిన్న తుప్పు రంగు చుక్క,
ఎవరిదో తెలియదు.
వాడూ తెలియదన్నాడు, కాస్త గర్వంగా.

తెల్ల దారం అయిపోయింది, ఎర్రదే ఉంది.
అదే ఎక్కించాను.

నెత్తురు చన్నీళ్లలో పోతుంది.
వేడినీళ్లు తగిలితే ఉండిపోతుంది.
ఈ ముక్క మా అమ్మ నాకు ఏడో ఏటే చెప్పింది.
ఆ రాత్రి ఏ కుళాయి తిప్పానో
మీరు అడగొద్దు.

తువ్వాళ్ల గంప ఇంకా మిగిలే ఉంది.