పేజీకి పన్నెండు రూపాయలు

అశోక్‌నగర్ గల్లీల ఖలీల్ భాయ్ జిరాక్స్ దుకాణం.
వెనక, ఫ్యాన్ గాలి తగలని మూల నాది.
ధర్మయ్య సారు కాగితాలు పెట్టి పోయిండు:
"రోము పాలన, సమాజం. అరవై ముఖ్య పదాలు.
పొద్దున ఏడింటికి బ్యాచ్ ఉన్నది చంద్రకళా,
ఒత్తులు పైలం."

సెనేట్. ముసలోళ్ళ సభ అట.
కొట్టిన.
కాన్సుల్. ఏడాదికి ఇద్దరు,
ఒకరు దారి తప్పితే ఇంకొకరు ఆపడానికి.
మా ఇంట్ల ఒక్కడే ఉండె.

క్యాండిడేట్ అన్న మాట
సుద్ద రుద్దిన తెల్లబట్ట నుంచి పుట్టిందట.
ఓటు అడగబోయేటోడు మెరవాలె గద.
మా గల్లీల అభ్యర్థులంటే
నాలుగేండ్ల సంది నోటిఫికేషన్‌కు ఎదురుచూసే పోరగాండ్లు,
చాయ్ మరకల బనీన్లు,
హాస్టల్ తీగ మీద ఎన్నడూ ఆరని తువ్వాలలు.

క్లయెంట్: తెల్లారకముందే పెద్దమనిషి వాకిట్ల నిలబడి
దండం పెట్టేవాడు.
బదులుగా బుట్టెడు తిండి, లేకుంటే ఇంత చిల్లర.
దీనికి తెలుగు మాట దొరకలేదేమో, సారు అట్లనే వదిలిండు.
ఆ వాకిలి నాకెరుకే.
డబుల్ బెడ్‌రూం దరఖాస్తు పట్టుకొని
ఏడు సోమవారాలు నిలబడ్డ.
ఏడో వారం ఆయన బయటికొచ్చి నవ్విండు, కారెక్కిండు.
బుట్ట సుత లేదు.

ప్రొలెటారి కాడ వేలు ఆగింది.
జనాభా లెక్కలల్ల చూపడానికి
పిల్లలు తప్ప వేరే ఆస్తి లేనివాళ్ళు.
సేవ్ చేసి పార్సీగుట్టకు ఫోన్ కలిపిన.
"అన్నం తిన్నవా బిడ్డా?" అని
నా ఆస్తిని అడిగిన.

ట్రిబ్యూన్: సామాన్యుల తరఫున నిలబడే మనిషి.
రాత్రయినా ఇంటి తలుపు మూయరాదు.
ఒంటి మీద చెయ్యి వేసినవాడికి చావే శిక్ష.

అప్పుడే బయట లొల్లి.
మున్సిపాలిటీ లారీ వచ్చింది, ఫుట్‌పాత్ ఖాళీ చెయ్యాలట.
మూలమీది చాయ్ సాలమ్మ
పాలగిన్నె ఒళ్ళో పెట్టుకొని టైరు ముందర కూసున్నది.
"నేనొప్ప" అన్నది.
గట్టిగ కూడ అనలే.
ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు రెక్కలు పట్టి లేపిన్రు.
ఆమె ఒంటికి ఏ చట్టమూ కావలి లేకుండె.
స్టవ్వు లారీ ఎక్కింది, బెంచీ ఎక్కింది,
గ్లాసుల స్టాండు గలగలమంటూ ఎక్కింది.
పాలు మాత్రం
ఒక్క చుక్క తొణకనియ్యలే ఆమె.

లోపలికొచ్చి కూసున్న.
వీటో: నిషేధాధికారం.
కింద చిన్న అక్షరాలల్ల సారే రాసిండు,
లాటిన్ల అది అధికారం పేరు కాదట,
'నేను వద్దంటున్న' అని ఒక మనిషి నోటి మాటట.
బ్యాక్‌స్పేస్ నొక్కిన,
నిషేధాధికారం అక్షరమక్షరం పోయింది.
కొట్టిన: నేనొప్ప.

పొద్దున సారు ఎర్రపెన్ను మూత తీసిండు.
ఆ మాట కాడ ఆగిండు.
గీత కొట్టబోయి, ఎందుకో
తలుపుదిక్కు చూసి
"ఇయ్యాల చాయ్ ఏది?" అన్నడు.