రెండో శనివారం

రాజోలు లాకుల అవతల
ఒకప్పటి ఉప్పుకొఠారే మా మ్యూజియం.
గోడ నాకితే ఇప్పటికీ తెలుస్తుంది.
నాకి చూశాను, చేరిన కొత్తలో, ఎవరూ లేనప్పుడు.

నెలకోసారి, రెండో శనివారం నాలుగింటికి
ముప్పయ్యారు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తాను.
మూడింటికి కాళ్ళు వంకర,
వాటిని గోడకి ఆనిస్తాను, బక్కవాళ్ళ కోసం.
తెరగా పంచె కడతాను,
మా మావయ్య పెళ్ళిపంచె, జరీ అంచు వెనక్కి తిప్పి.
ఉపన్యాసం ఉచితం. టీ కూడా.
టీ కోసమే వస్తారని సూపరింటెండెంటు గారి అనుమానం.
నాదీ అదే, కిందటి శనివారం దాకా.

ఎక్కడెక్కడి రాజులో వచ్చి వెళ్ళారు ఆ పంచె మీద.
ఈజిప్టులో పిల్లికి కూడా మమ్మీ చేశారంటే
ట్యూషన్ పిల్లలు పడి పడి నవ్వారు.
రోము నాణెం చూసి
తాకట్టు కొట్టు భద్రం గారు
బరువెంత అని అడిగారు.
గ్రీకు దేవత ఒంటిమీద గుడ్డ లేదని
ఒక ముసలమ్మ కొంగు సర్దుకుంది,
తనది.

కిందటిసారి సుమేరు.
భీమవరం నుంచి హేమనళిని గారు
చించినాడ వంతెన మీదుగా బస్సులో నిలబడి వచ్చారు.
"అదీ రెండు నదులు మోసుకొచ్చిన ఒండ్రేనండి,
మీ లంకల్లాగే" అన్నారు.
వెనక వరసలో కుర్చీలు కిర్రుమన్నాయి.

మట్టిపలక ఒకటి పంచె మీద పడింది,
పిట్ట కాలితో గీరినట్టు.
దేవుడి కథా? కాదట.
ప్రేమలేఖా? కాదట.
బార్లీ లెక్క.
ఎవరు ఎన్ని కుంచాలు బాకీ,
ఎవరి కూలి ఎన్ని కుండల బీరు.
"బీరా!" అన్నారెవరో. నవ్వులు లేచి, అణిగాయి.
నాలుగు వేల ఏళ్ళు. బాకీ ఇంకా చెరగలేదు.

తర్వాత ఆమె గొంతు తగ్గించి
కాలవల సంగతి చెప్పారు.
నీళ్ళు పెట్టారు. పెట్టారు. మళ్ళీ పెట్టారు.
పోయే దారి లేని నీళ్ళు
అడుగునున్న ఉప్పుని పైకి తెచ్చాయి.
ముందు గోధుమ మానేశారట.
బార్లీ ఇంకొన్నాళ్ళు ఓర్చుకుందట.

అడబాల వెంకన్న లేచాడు.
మూడేళ్ళుగా వస్తున్నాడు, నోరు విప్పడం అదే మొదలు.
తువ్వాలు భుజం మీంచి తీసి,
ఏం చేయాలో తెలీక మళ్ళీ వేసుకున్నాడు.
"ఆయ్, చిన్న డౌటండి.
ఆ తెలుపు ముందర గట్టోరన వస్తాదా,
చేను మజ్జిలో వస్తాదా?"

ఆమె కాగితాలు తిప్పారు.
"నాకు తెలియదండి."
"గట్టోరనేనండి. మాకు అలాగే వచ్చింది,
పక్కోడి రొయ్యల చెరువు వైపు.
ముందు కలుపు చచ్చిపోద్ది. మనం సంతోషిస్తాం.
ఆ తర్వాతండి, వరి."
ఇంకేదో చెప్పబోయి,
"ఎకరం ముప్పాతిక" అని కూర్చున్నాడు.

కాసేపు ఫ్యానొక్కటే మాట్లాడింది.
ఆమె పెన్ను తీశారు.
పదకొండేళ్ళుగా కుర్చీలు వేస్తున్నాను,
వినవచ్చిన మనిషి చెబుతుంటే
చెప్పవచ్చిన మనిషి రాసుకోవడం చూడలేదు.
కలుపు, అని రాసి
కింద రెండు గీతలు గీశారు.

అందరూ టీకి లేచారు. వెంకన్న లేవలేదు.
చివరికి పంచె దగ్గరికొచ్చి,
బొమ్మ ఆరిపోయిన తెర మీద
పలక ఉన్నచోట వేలు పెట్టి,
"ఆళ్ళందరూ మరెక్కడికెళ్ళిపోయారండీ?" అన్నాడు.
నన్ను. కుర్చీలవాణ్ణి.
ఏం చెప్పను?
"వచ్చే నెల చైనా అంట" అన్నాను.

ఊడుస్తుంటే ఆయన కూర్చున్నచోట
చెప్పులు వదిలిన మట్టి,
ఎండి, అంచు తెల్లగా.
ఈసారి నాకి చూడలేదు.

పంచె మడిచి బీరువాలో పెట్టి
రిజిస్టరు తీశాను.
హాజరు ముప్పైరెండు.
ప్రశ్నలు ఒకటి.
టీ మిగులు, ఒకటి.