స్టాక్ రిజిస్టర్ల ఒక గడి

తుమ్మలబాయి పంచాయతిల కారోబారును.
జమ, ఖర్చు, నిల్వ:
ముప్పై ఏండ్లు ఈ మూడు గడుల నడుమనే బతికిన.

ట్యాంకును జమ రాసిన దినం నాకింక యాదున్నది.
మర్రిగూడ రోడ్డు మీద నాలుగు జీపులు,
నీలం రంగు ట్యాంకు, దాని నెత్తిన
ఏదో సముద్రం గట్టు దేశం జెండా.
"స్నేహపూర్వక కానుక" అని పాలరాయి.
ఊరు ఊరంతా వంగిన ఎన్నుపూసలతోనే లేచి
సప్పట్లు కొట్టింది.
సర్పంచుకు మెడ తిరగదు,
దండ తెచ్చినాయనే చుట్టు తిరిగొచ్చి ఏసిండు.

ఏడాదిన్నర మంచినీళ్లు తాగినం.
అబద్ధమెందుకు, తాగినం.

ఎన్క ట్యాంకుల మందు అయిపోయింది.
ఆ మందు ఆ దేశపు కంపెనీ కాడనే కొనాలని
ఒప్పందం పదకొండో పేజీల ఉన్నదట.
దాని ధర
మా ఊరి ఇంటిపన్నుకు మూడింతలు.
పాలరాయికి మాత్రం ఏం కాలే.
దాని అరుగు మీద మిరపకాయలు ఎండుతున్నయి.

మా రామనర్సమ్మ అంటది:
"సోలెడు ఉప్పు బదులిచ్చినామె
కూర ఎట్లున్నదని అడగొచ్చు గని,
పొయ్యి ఏ దిక్కు పెట్టాల్నో చెప్తదా?"

ఆమె మాత్రం బకెటు విద్య ఇడువలే.
చిటికెడు సున్నం, పటిక నీళ్లు,
కట్టెతోని పది నిమిషాలు కలుపుడు,
గంటసేపు ఊకుండుడు.
నీళ్లు తేరుకునేదాంక ఊకుండుడే కష్టమంటది.

ఒక ఎండకాలం ముగ్గురొచ్చిండ్రు, ఆఫ్రికా నుంచి.
వాళ్ల దేశం పేరు రెండుసార్లు కొట్టేసి రాసిన.
అక్కడ గూడ బోర్ల ఇదే విషమట.
వచ్చినోళ్లల్ల ఒకామె బకెటు దిక్కు చూసింది,
రామనర్సమ్మ మోకాళ్ల దిక్కు చూసింది,
నవ్వింది.
పండ్ల మీద అవే గోధుమరంగు చారలు.

నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునే ముసల్ది
ఆ పూట కొంగు తీసింది.

దుబాసికి పని లేకుంటయింది.

పోయేటప్పుడు బకెటు ఇచ్చింది,
పటికగడ్డ గుడ్డల మూటగట్టి ఇచ్చింది.
బకెటు వాపసు పంపాల్నా అని అడిగిచ్చిండ్రు.
"పంపితే ఉత్తగ పంపొద్దు.
పంపకుంటే పాయె."

ఆ రాత్రి రిజిస్టరు ముంగట పెట్టుకొని కూసున్న.
బకెటు ఒకటి. పటిక అరకిలో.
దేశం దేశానికి ఇచ్చిందని రాద్దామంటే
తుమ్మలబాయి దేశం కాదు.
దానమని రాద్దామంటే
దాత పింఛను కార్డు నా బీరువాలనే ఉన్నది.
గడి ఖాళీ ఇడిసిన.

ఆడిటోళ్లు ఎర్రసిరాతోని సున్న చుట్టిండ్రు:
పంచాయతి బకెటు ఒకటి తక్కువ.
నా జీతంల నూట నలభై పట్టిండ్రు.
ఏ దేశం ఖాతాల పట్టిండ్రని అడిగిన.

రశీదు ఇయ్యలే.