ఇంకా నాలుగు

కుషిరో రేవు. మార్చి.
మంచు ఇంకా రోడ్డు దిగని ఉదయం
ఫుకికో గారు నా బల్ల మీద చేపల సంచీ పెట్టింది.
సంచీలో తువ్వాలు, తువ్వాల్లో కెమెరా.
"మా తమ్ముడిది. ఎంతొస్తుంది?"

అరచేతులు ఆనే చోట నల్లరంగు అరిగి
కింద టైటానియం బయటపడింది,
మోకాలి మీద పాత దెబ్బలా తెల్లగా.
వెనక రబ్బరు జిగురెక్కి వేలికంటుకుంది.
దాచుకున్నవాడి వస్తువు కాదిది,
మెడకేసుకుని తిరిగినవాడిది.

టోక్యోలో కుజే గారు ఇలాంటివే వెతుకుతారు,
గీత పడనివి, పెట్టెతో సహా,
అద్దాల బీరువాలో వరసగా కూర్చోబెట్టడానికి.
ఫిల్మ్ మటుకు వేయరు.

ఇవావో హనసాకి లైన్లో పట్టాలు తనిఖీ చేసేవాడు.
రెండు బొమ్మల వెడల్పు ఒకే బొమ్మగా తీసే ఈ యంత్రం కోసం
మూడేళ్ళు సిగరెట్లు మానేశాడట,
కొన్న సాయంత్రమే మళ్ళీ ముట్టించాడట.
"ఈ ఊళ్ళో నిలువుగా ఏముందక్కా తీయడానికి?
సముద్రం అడ్డం. పట్టాలు అడ్డం.
గులకరాళ్ళ మీద ఆరేసిన కొంబు నాచు అడ్డం.
సాకే ఎక్కువైతే నాన్న కూడా గుమ్మానికి అడ్డమే."

బ్యాటరీలు మార్చాను. పైన 4 అని వెలిగింది.
మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.
పాత బోర్డుల పిచ్చిలెక్కలే అనుకుంటూ,
దీనికి విడిభాగాలు దొరకవని చెబుతూ చెబుతూ
వెనక తలుపు తీశాను.

ఫిల్మ్.

మూసేలోగా
కిటికీలో ఉన్న ఎండంతా లోపలికి తొంగి చూసింది.
ఆవిడ నా మొహం చూసింది.
నేను బల్లకేసి చూశాను.

అప్పుడు గుర్తొచ్చింది దీని తిరకాసు:
ఫిల్మ్ వేయగానే మొత్తం బయటికి లాక్కుంటుంది.
ఆపైన తీసిన ఒక్కో బొమ్మనీ
వెనక్కి, డబ్బీలోకి, చీకట్లోకి సాగనంపుతుంది.
అంకె పెరగదు, తరుగుతుంది.
ఎన్ని తీశావో అడగదు,
ఎన్ని మిగిలాయో చెబుతుంది.

కాలింది తీయని నాలుగే.
తీసినవి పదిహేడూ ఇల్లు చేరాయి.

నల్లసంచీలో చేతులు దూర్చి మిగతాది నేనే చుట్టాను.
సాయంత్రం స్నానాల గదిలో, తీగ మీద,
నాచు పట్టీల్లా వేలాడాయి.
ఇవి మాత్రం నిలువుగా.

ఆవిడ మెడ పక్కకి వంచి చూసింది.
పట్టాలు, పట్టాలు, మంచు, ఒక నక్క, మళ్ళీ పట్టాలు.
ఈ కటకం అంచుల్లో చీకటి పోస్తుంది.
దానికి విరుగుడు గాజొకటుంది, ఇవావో కొనలేదు.
ఆ చీకట్లోనే, ప్రతి చివరా, ఆవిడ,
అన్నం డబ్బాతో.

"ముందు నన్ను మధ్యలో పెట్టి
ఇద్దరు నన్నుల్ని ఒక్కటి చేసేవాడు.
దూరం కుదిరాక అంచుకి జరిపేవాడు.
మధ్యలోనే ఉంటానంటే వినేవాడు కాదు వెధవ."

పదిహేడోది సగం తెల్లగా పోయింది.
ఆ వెలుతురు నా చేతిది.
మిగిలిన సగంలో డబ్బా ఉంది, చెయ్యి ఉంది.
ఆవిడ ఏమీ అనలేదు. నేనూ.

కుజే గారికి ఫోన్ చేశాను.
పనిచేస్తుందా? లేదు. పెట్టె? లేదు. గీతలు? బోలెడు.
సగం ధర అన్నారు. ఆవిడ సరేనంది.
మెడపట్టీ మాత్రం విప్పి సంచీలో వేసుకుంది.

కట్ట కట్టే ముందు ఒకసారి కంటికి ఆనించాను.
దానికి బ్యాటరీ అక్కర్లేదు.
పసుపు మరకలో ఇద్దరు ఫుకికోలు రోడ్డు దాటుతున్నారు.
ఉంగరం తిప్పాను, తిప్పుతూనే ఉన్నాను,
ఒక్కరయ్యేలోగా
చేపల బజారు మలుపు తిరిగిపోయారు.