ఆపత్తి

ముసాయిదా బజెట్టు మూడు ప్రతులు తీశాను.
ఒకటి చైర్‌పర్సన్‌కి, ఒకటి బరంపురం ఆడిట్‌కి,
ఒకటి నోటీసు బోర్డుకి. మేకులు లేవు.
పాత క్యాలెండరు మేకునే పీకి కొట్టాను.

ఇరవై ఒక్క రోజులు గడువు.
అభ్యంతరాలుంటే రాసివ్వచ్చు.
ఒడియాలో అభ్యంతరాన్ని ఆపత్తి అంటారు.
గోపాలపురం మా వాడలో ఆ మాట వింటే
ముందు ఆకాశం వైపు చూస్తారు.

నేను కాంట్రాక్టు టైపిస్టుని.
పగలంతా గొడుగు పట్టిన అక్షరాలు కొట్టి
పొద్దుగూకి తలకట్టు అక్షరాల ఇంటికి పోతాను.
రెండూ గుండ్రమే,
సున్నా లాగే.

ఆ సాయంత్రం వలలు బాగుచేసే పాకలో
సెల్‌ఫోన్ వెలుగులో చదివి వినిపించాను.
బీచి రోడ్డు సుందరీకరణ, రెండు కోట్ల పది లక్షలు.
"అంటే?" అన్నాడు బడే దానయ్య.
రంగు పలకలు, కూర్చునే బల్లలు,
నల్లరాతిలో చెక్కిన పెద్ద చేప.
"ఏ సేప?"
అది రాయలేదు బాబాయ్.
"వంజరమా, పండుగప్పా?
కొలిసినోడికి ముళ్ళు తెలుసో లేదో"
కాసేపు నవ్వుకున్నారు.

మురుగుకాలువ పొడిగింపు, అరవై రెండు లక్షలు.
హోటళ్ళ వెనక మొదలై
మా పడవలు ఒడ్డుకు లాగే చోట ముగుస్తుంది.
పటంలో అది సన్నటి నీలం గీత,
ఎవరి ఇంటినీ తాకదు,
ఇళ్ళు గీయలేదు కాబట్టి.

ఆ తర్వాత నలభై మూడో పద్దు.
ఎండుచేపల గట్టు, పునర్నిర్మాణం:
వెయ్యి రూపాయలు.

ఫైలిన్ ఎత్తుకుపోయిన గట్టది.
అప్పటినించీ మెత్తళ్ళు ఇసకలోనే ఎండుతాయి,
ఇసకతోనే తూకానికెక్కుతాయి,
కిలోకి ఇరవై తక్కువ.

"వెయ్యితో ఏటి కడతారే?"
మైలపల్లి నూకరత్నం అడిగింది.
ఏమీ కట్టరు అత్తా.
పద్దు చచ్చిపోకుండా వెయ్యేసి ఉంచుతారు.
టోకెన్ అంటారు.
"పోయేవోడి నోట్లో తులసినీళ్ళు, అంతేనా?"

వేళ్ళు మడిచింది. పదకొండేళ్ళు.
"పదకొండు వేలు. ఏవీ?"
మార్చి ముప్పయ్యొకటికి మురిగిపోతాయి.
"డబ్బు కూడా మురిగిపోతాదేటి?
మా సేపే అనుకున్నాను."

రాయమంది. రాశాను.
"గట్టొద్దు మాకు. పదకొండు వేలూ లెక్కగట్టి ఇచ్చీండి,
నల్ల టార్పాలిన్లు రెండు కొనుక్కుంటాం.
ఇవ్వలేరా, ఆ పద్దు కొట్టీండి.
సచ్చిందని తెలిస్తే
దినం సేసీసి ఊరుకుంటాం."

తెలుగు కాగితం తీసుకోరు.
రాత్రి కూర్చుని ఒడియాలోకి మార్చాను.
అంతా వచ్చింది, దినం దగ్గర ఆగాను.
వాళ్ళకి దినమంటే రోజు, అంతే.
శ్రాద్ధమని రాస్తే పెద్ద మాటయిపోతుంది,
ఆఫీసులో నా మొహం చూస్తారు.
నా కాంట్రాక్టు కూడా మార్చితోనే అయిపోతుంది.
ఆ వాక్యం తీసేశాను.

గౌరహరి బాబు కాగితాన్ని మూల పట్టుకుని ఎత్తి,
ముక్కు కొంచెం ముడిచి, ముద్ర వేశారు.
నూకరత్నం వేలిముద్ర పక్కన
కర్రుమంది ఏదో.

తుది ప్రతిలో ఒక గడి ఉంటుంది.
వచ్చిన ఆపత్తులు: ఒకటి.
పరిష్కరించినవి: ఒకటి అని కొట్టమన్నారు.
కొట్టాను.
నలభై మూడో పద్దుకి వచ్చేసరికి
వేలు సున్నా మీట మీద ఉంది.
మూడు కొట్టింది. ఇంకొక్కటి,
ఎవరూ చూడటం లేదు,
ఫ్యాను తిరుగుతోంది,
ఇంకొక్కటి.

కొట్టలేదు.

ఆదివారం నూకరత్నం మనవడొచ్చి
కాగితం పొట్లంలో మెత్తళ్ళు ఇచ్చి పోయాడు,
రాసిపెట్టినందుకట.
నాలుగు నీళ్ళు కడిగాను. చింతపండేసి వండాను.
ఐదో ముద్దలో
పంటికింద.